పండక్కొచ్చే మనవలకి: మన ఊళ్ళో ఏ దారిన పరిగెత్తాలంటే

చిన్నోడికీ బుజ్జమ్మకీ తాతయ్య రాసేది,

ఇద్దరూ స్కూల్లో రన్నింగ్‌లో చేరారని, పండక్కి ఊరొచ్చినా ప్రాక్టీస్ ఆపొద్దని మీ సార్ అన్నారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం నాన్నా. చిన్నోడు వాట్సాప్‌లో పంపిన మ్యాప్ చూశా. ఇంటి దగ్గర్నుంచి పొలాలకి అడ్డంగా గీత గీసి ఇదే నా రూట్ తాతయ్యా అన్నావు. ఆ గీత పడ్డచోట దారి లేదురా, చేనుంది. ఆ ఫొటో ఏ ఎండాకాలంలోనో తీసుంటారు, అందుకే అంతా బయలుగా కనపడుతోంది. ఫోన్లో చెప్తే అన్నీ గుర్తుండవు కాబట్టి ఉత్తరంగా రాస్తున్నా, ఇద్దరూ కూర్చుని చదవండి.

మన వైపు దారులు ఏడాదంతా ఒకేలా ఉండవు, నెలనిబట్టి మారిపోతాయి. ఇది ముందు తెలుసుకోవాలి. జూన్ జులైల్లో కాలవలకి నీళ్ళొదుల్తారు, తర్వాత నాట్లు, నవంబరు డిసెంబరుల్లో కోతలు. వరి కొయ్యడానికి రెండు మూడు రోజుల ముందే అందులో మినుములు చల్లేస్తారు, కొందరైతే దుక్కి దున్నకుండానే మొక్కజొన్న పెట్టేస్తారు. అందుకని సంక్రాంతికి మీరొచ్చి దూరం నుంచి చూస్తే కోతలైపోయాయి, ఖాళీ పొలమే కదా అనిపిస్తుంది, దగ్గరికెళ్తే వరి మోళ్ళ మధ్య పచ్చగా మినప మొక్కలుంటాయి. మీరు పది అడుగులేస్తే పది మొక్కలు పోతాయి. సరే మే నెలలో నిజంగా ఖాళీయే కదా అంటారేమో, అప్పుడు నల్లరేగడి ఎండి నెర్రెలు విచ్చుతుంది, కాలు మొత్తం దిగిపోయేంత నెర్రెలుంటాయి కొన్ని, పైన గడ్డి కప్పేసి కనపడవు కూడా. పరుగులో పాదం అందులో పడిందంటే మడమ దగ్గర మెలిక పడి నెల రోజులు మంచమే. వానల్లో అదే మట్టి బూట్లకి పట్టుకుని కాలు లేవనివ్వదు. కాబట్టి చేల్లో పరుగు ఏ నెలలోనూ వద్దు, గట్ల మీద అసలే వద్దు.

మీకు నేను చూపించేది కాలవ కట్ట. లష్కరుగా పనిచేసినన్నాళ్ళూ తూములు చూసుకుంటూ, గండి పడకుండా కనిపెట్టుకుంటూ నేను తిరిగింది ఆ కట్ట మీదే, అక్కడ ప్రతి చెట్టూ నాకు తెలుసు. ఆ కాలవలో నీళ్ళు బెజవాడ నుంచొస్తాయి. అక్కడ కృష్ణ మీద పాత ఆనకట్ట 1852లో మొదలుపెట్టి 1855కి పూర్తిచేశారు, మీరు బండి మీద దాటే ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. సీతానగరం వైపు నుంచి బయల్దేరిన పడమటి కాలవ దుగ్గిరాల లాకుల దగ్గర చీలి తెనాలి, రేపల్లె, బాపట్ల వైపులకి పోతుంది. 2015 నుంచి పట్టిసీమ దగ్గర గోదావరి నీళ్ళు తోడి కృష్ణలో కలుపుతున్నారు, అంటే జులైలో మీరొస్తే మీ పక్కన పారేదాంట్లో గోదావరి కూడా ఉంటుంది. ఒకప్పుడు ఇవి పడవలు తిరిగిన కాలవలు, లారీలు రాకముందు ధాన్యం, ఉప్పు అన్నీ పడవల్లోనే. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి మనుషులు కట్ట మీద నడుస్తూ లాగేవాళ్ళు. అలా లాగాలంటే కట్ట ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా సాగిపోవాలి కదా, ఆ చదును ఇప్పుడు మీకు ఉపయోగం. మట్టి దారి కాబట్టి ఊళ్ళో సిమెంటు రోడ్డంత గట్టిగా మోకాళ్ళకి తగలదు. చెట్ల నీడుంటుంది, పాలపిట్టలు, లకుముకి పిట్టలు, తూముల దగ్గర కొంగలు, మీకు విసుగనిపించదు.

ఎలా పరిగెత్తాలో కూడా చెప్తా. కట్ట నడుం ఎత్తుగా, అంచులు వాలుగా ఉంటాయి. వాలులోనే పరిగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి తుంటి పట్టేస్తుంది, ట్రాక్టరు చక్రాల జాడలో అయితే నేల గట్టిగా సమంగా ఉంటుంది, అందులో ఉండండి. వెళ్ళిన దారినే వెనక్కి రండి. నీళ్ళ వైపు అంచుకి మాత్రం పోవద్దు, చూడ్డానికి నెమ్మదిగా ఉన్నట్టుంటుంది గానీ లోపల లాగుడు ఎక్కువ, సిమెంటు లైనింగ్ ఉన్నచోట నాచు పట్టి పాదం నిలవదు, జారినోళ్ళకి పట్టుకోడానికేమీ దొరకదు. కాళ్ళు కడుక్కోవాలంటే మెట్లున్న రేవు దగ్గరే, అదీ నేనుంటేనే. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటా, అలగొద్దు.

టైం సంగతి. సంక్రాంతప్పుడు సూర్యుడు వచ్చేసరికి పావుతక్కువ ఏడవుతుంది, మంచు పడితే ఎదురుగా వచ్చే మనిషి కూడా కనపడడు. అందుకని 6:30 ముందు వద్దు, మంచుంటే ఇంకాసేపు ఆగండి. ఎండాకాలం సెలవల్లో దీనికి తలకిందులు, 5:30కే బయల్దేరి ఏడు లోపల ఇంటికొచ్చెయ్యాలి, మన గుంటూరు ఎండ సంగతి మీకు కొత్త కాదు.

ఇంక డొంక. పొలాల మధ్యనుంచి లాకుల వైపు పోయే బండ్ల దారి. వానాకాలంలో నీళ్ళు నిలుస్తాయి, జనవరి నుంచి మార్చి దాకా మాత్రం బాగుంటుంది. అటువైపు పసుపు చేలున్నాయి, జనవరి చివర్లో తవ్వి ఉడకబెట్టడం మొదలుపెడితే ఆ వాసనకే పోవాలనిపిస్తుంది. కాకపోతే పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు ఉంటాయి, మందపాటి అడుగున్న బూట్లు కావాలి. వరిగడ్డి ట్రాక్టరొస్తే డొంకంతా అదే ఉంటుంది, ముందే పక్కకి జరిగి నిలబడండి. మొక్కజొన్నకి మందు కొడుతుంటే అటు పోకుండా వెనక్కి తిరగండి. గడ్డివాముల్లో ఎలకలుంటాయి, ఎలకల కోసం పాములొస్తాయి, రక్తపింజరైతే ఎండుగడ్డిలో కలిసిపోయి కనపడదు. అందుకని దారి మధ్యలోనే ఉండండి, గడ్డిమీద కూర్చోవద్దు. ఒకవేళ కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏవీ చెయ్యకూడదు, కదలకుండా కూర్చోబెట్టి 108కి చెయ్యాలి, విరుగుడు ఇంజెక్షను ఆసుపత్రిలోనే ఉంటుంది.

గొడ్ల పాకల దగ్గర కుక్కలు పరిగెత్తేవాళ్ళ వెంట పడతాయి, అక్కడ నడవండి. కరిచినా గీరినా వెంటనే సబ్బుతో పారే నీళ్ళకింద పావుగంట కడిగి నాకు చెప్పాలి, భయపడి దాచొద్దు, ఇంజెక్షన్లు తప్పనిసరి. గేదెలు ఎదురైతే ఆగి వాటిని పోనివ్వండి.

తారురోడ్డు మీద పరుగు నాకిష్టం లేదు. లైట్లు లేని ట్రాక్టర్లు, కూలోళ్ళని తీసుకెళ్ళే ఆటోలు అన్నీ ఆ టైంలోనే తిరుగుతాయి. దాని మీద పోవాల్సొస్తే కుడిపక్కన, ఎదురొచ్చే బండి కనపడేట్టు నడవండి. రోడ్డు మీద వడ్లారబోసుంటే చుట్టూ తిరిగి పోవాలి, బూట్లతో తొక్కకూడదు, అది ఒక ఇంటి ఏడాది కష్టం. పొద్దున్నే ఆ దారుల్లో ఉండేదంతా పనికి పోయే మనుషులే, గడ్డిమోపుతో ఎవరైనా ఎదురొస్తే మీరే పక్కకి తప్పుకోండి, ఎవరి పిల్లలమ్మా అని అడిగితే ఆగి తాతయ్య పేరు చెప్పండి.

కనుమ వెళ్ళాక ఒకరోజు మీ మావయ్య బండి మీద కృష్ణ కరకట్టకి తీసుకెళ్తాడు, అరటి తోటల గాలి వేరే ఉంటుంది, అక్కడ మీకెంత కావాలంటే అంత పరిగెత్తొచ్చు. ఈలోపు కొత్త బూట్లు కొనుంటే వారం ముందునుంచే వేసుకుని తిరగండి, ఇక్కడికొచ్చి మొదటిసారి వేస్తే బొబ్బలొస్తాయి. బుజ్జమ్మ ఎర్రదో పసుపుదో టీషర్ట్ తెచ్చుకో, మంచులో కనపడాలి. మొదటిరోజు రెండో తూము దాకా మాత్రమే, నేను సైకిలు మీద మీ వెనకే వస్తా. మీరు తిరిగొచ్చేసరికి మీ నాయనమ్మ రాగిజావ చేసుంచుతానంటోంది, పరిగెత్తే ముందు మాత్రం ఒక అరటిపండు చాలంట.

మీ తాతయ్య