సైకిలు తొక్కగలుగుతున్నారా? ఎముక అతికినట్టు కాదు

కాలర్‌బోన్ (మెడ కింద భుజం దాకా ఉండే ఎముక) విరిగి మా ఫిజియోథెరపీ క్లినిక్‌కు వచ్చే సైక్లిస్టులు నొప్పి సంగతి కన్నా ముందు డెన్మార్క్ సైకిల్ రేసర్ యోనాస్ వింగెగార్డ్ పేరెత్తుతారు. ఆయన 2024 ఏప్రిల్ 4న స్పెయిన్‌లోని బాస్క్ కంట్రీ రేసులో పడ్డాడు. కాలర్‌బోన్, పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి దెబ్బతింది. 12 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. జూన్ 29న మూడు వారాల సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టి, ఒక స్టేజ్ (ఒక రోజు పోటీ) గెలిచి, మొత్తం మీద రెండో స్థానంలో నిలిచాడు. ‘‘మరి నాకెందుకండీ ఇంత ఆలస్యం?’’ అని అడుగుతారు.

క్రిస్ ఫ్రూమ్ గురించి మాత్రం ఎవరూ అడగరు. నాలుగుసార్లు టూర్ గెలిచిన మనిషి. 2019 జూన్‌లో పడి తొడ ఎముక విరిగింది, 2020 ఫిబ్రవరికి రేసులోకి వచ్చాడు. ఆ తర్వాత ఒక్క రేసూ గెలవలేదు.

అపోహ: సైకిలు తొక్కగలుగుతున్నాను, పైగా ప్లేటు (విరిగిన ఎముకను పట్టి ఉంచే లోహపు పట్టీ) వేశారు. ఎముక అతికినట్టే.

వాస్తవం: కాదు. మా దగ్గర మనుషులను మళ్లీ ఆపరేషన్ దాకా తీసుకెళ్లేది ఈ నమ్మకమే. సైకిలు మీద ఒంటి బరువులో ఎక్కువ భాగం సీటూ పెడళ్లూ మోస్తాయి. సరిగా నడవలేనివాళ్లు కూడా పెడల్ తిప్పగలరు. ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిలును కదలకుండా బిగించే స్టాండు మీద, గంట తొక్కితే గుండె, కాళ్ల సత్తా తెలుస్తుంది, భుజం సంగతి తెలియదు. గతుకులో చక్రం దిగినప్పుడు హ్యాండిల్ నుంచి వచ్చే అదురు, గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చేతుల మీద పడే బరువు అక్కడ ఉండవు. ప్లేటు అంటే స్లాబు కింద సెంట్రింగు, అంతే. గట్టిపడాల్సింది ఎముక. అది అతకకముందే పడితే స్క్రూలు ఊడతాయి, ప్లేటు వంగుతుంది, లేదా దాని అంచు దగ్గరే ఎముక మళ్లీ విరుగుతుంది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ మీద రోజూ తొక్కే ఓ కుర్రాడు నొప్పి తగ్గిందని, ఎక్స్‌రే తీయించుకోకుండానే ఆదివారం గుంపుతో బయలుదేరాడు. వాన పడిన రోడ్డు. వంగిన ప్లేటుతో వచ్చాడు. పక్కన వాళ్లమ్మ ఏడుస్తుంటే తిట్టడానికి నోరు రాలేదు.

బొమికల సూపుతో ఎముక త్వరగా అతుకుతుందా అంటారు. తాగండి, రుచిగా ఉంటుంది. అది తాగుతూ సిగరెట్టు మానని వాళ్లతోనే నాకు పేచీ, పొగ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది. పూర్తి విశ్రాంతా? వద్దు, సర్జన్ ఒప్పుకున్న రోజు నుంచే మోచేయి, వేళ్లు కదపాలి. సైక్లింగ్‌తో ఎముకలు గట్టిపడతాయా? రోడ్డు రేసర్లలో చాలామందికి నడుము దగ్గర ఎముక సాంద్రత తక్కువ. బరువులు ఎత్తండి, నడవండి.

ఎముక అతికాక కూడా రోడ్డు దిగుడులో భయంతో చేతులు బిగుసుకుపోతున్నాయని సిగ్గుపడుతూ చెప్పేవాళ్లున్నారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. గుంపులోకి వెళ్లకండి. ఖాళీ రోడ్డు మీద, చదునుగా ఉన్నచోట, ఒంటరిగా బ్రేకులు సాధన చేయండి. దిగుళ్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.