తీరిక దొరికాక మార్క్స్‌ను చదువుదాం అనుకునేవాళ్ళకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన ఆదివారం మా దగ్గరికి ఒకాయన వచ్చారు. చేతిలో మార్క్స్ రాసిన 'కాపిటల్' మొదటి సంపుటం. అట్ట ఇంకా మెరుస్తూనే ఉంది, లోపల 38వ పేజీ దగ్గర గుర్తుకోసం పెట్టిన కరెంటు బిల్లు ఉంది. ఆ బిల్లు మూడేళ్ళ కిందటిది. "మేడమ్, గీ బిల్లు గీడి నుంచి ముందుకు జరుగుతలేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, పదో తరగతి ఫెయిలైన పిల్లాడు మార్కుల మెమో చూపించినట్టు చూపించారు.

ఈ ఏడాది ఇలా వచ్చినవాళ్ళలో ఆయన నాలుగో మనిషి. అందుకే ఈ పోస్టు.

నేను ఇక్కడ మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్తాను. ఎనిమిదేళ్ళుగా ఆదివారం పొద్దున పదిమందిమి కూర్చుని మార్క్స్, ఆయన సహచరుడు ఎంగెల్స్ చదువుకుంటున్నాం. ఇంట్లో ఇద్దరు పిల్లలు. రాత్రి గిన్నెలు కడిగాక పాత మారియో, కాంట్రా వీడియో గేములు ఆడే అలవాటు కూడా ఉంది, ఇది మా స్టాఫ్ రూములో ఎవరికీ తెలియదు, ఇప్పుడు తెలుస్తుంది.

అపోహ: మార్క్స్‌ను చదవాలంటే తీరిక కావాలి, మొదటి పేజీ నుంచి వరుసగా చదవాలి, లేకపోతే చదివినట్టు కాదు

అందరినీ ముంచుతున్నది ఇదే. ఎవరో పెద్దమనిషి మీటింగులో అంటాడు, కాపిటల్ చదవనివాడు మార్క్సిజం గురించి నోరెత్తొద్దని. ఈయన పోయి కొంటాడు. తెరవగానే సరుకు, ఉపయోగపు విలువ, వినిమయ విలువ, ఇరవై గజాల లినెన్ గుడ్డ ఒక కోటుకు సమానం. ఈలోపు కుక్కర్ మూడో విజిల్ వేస్తుంది, పాప వచ్చి రేపటికి చార్టు కావాలంటుంది, అది కూడా రాత్రి తొమ్మిదింటికి చెప్తుంది. పుస్తకం మూత పడుతుంది. మళ్ళీ పది రోజులకు తీస్తే మొన్న చదివింది గుర్తుండదు కాబట్టి మళ్ళీ మొదటి పేజీ. ఇట్లా నాలుగుసార్లు అయ్యాక మనిషికి ఒక నమ్మకం కుదురుతుంది, నా బుర్రకు ఇది ఎక్కదు అని. ఎక్కకపోవడం కాదండీ, దారి తప్పు చెప్పారు మీకు.

ఆ మాట నాది కాదు, రాసినాయనదే. పుస్తకం 1867లో అచ్చయింది, వెయ్యి కాపీలు. అదే ఏడాది నవంబరు 30న హానోవర్‌లో ఉన్న డాక్టర్ కుగెల్మన్ అనే స్నేహితుడికి మార్క్స్ ఉత్తరం రాస్తూ, మీ ఆవిడకు చెప్పండి, పని దినం గురించిన అధ్యాయం, సహకారం, శ్రమ విభజన, యంత్రాల గురించినవి, చివర్లో ఆదిమ సంచయనం (పెట్టుబడి మొదట ఎట్లా పోగుపడింది అన్నది) గురించినది, ఇవి సులువుగా చదువుకోవచ్చు అన్నాడు. అర్థం కాని పరిభాషను భర్త వివరించాలట, ఆ ముక్క దగ్గర నాకు కొంచెం ఒళ్ళు మండుతుంది, అయినా సలహా మాత్రం బంగారం. 1872లో ఫ్రెంచి అనువాదాన్ని భాగాలు భాగాలుగా అమ్ముదామని ప్రచురణకర్త అంటే, అట్లయితే కార్మికులకు అందుతుందని సంతోషించి, మొదటి అధ్యాయాలు కష్టం, పాఠకులు అక్కడే నిరాశపడతారేమోనని భయం కూడా చెప్పుకున్నాడు, ముందుమాటగా అచ్చయిన ఉత్తరంలో. రాసినాయనకే ఉన్న భయం మీకుంటే సిగ్గుపడాల్సిందేముంది?

ఇక్కడ నా సొంత గోల ఒకటి చెప్పాలి. చిన్నప్పుడు మా ఇంట్లో టీవీకి తగిలించే వీడియో గేమ్ ఉండేది, ఒక్క క్యాసెట్‌లో వందల ఆటలని రాసి ఉండేది, నిజానికి పదో పన్నెండో ఆటలు తిరగేసి మరగేసి. నేనూ తమ్ముడూ కాంట్రా ఆడేవాళ్ళం. దాంట్లో సేవ్ లేదు. ఎండాకాలం మా ఊళ్ళో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు కదా. మూడో స్టేజీకి రాగానే పుటుక్కున పోయేది. వచ్చాక మళ్ళీ మొదటి స్టేజీ. అట్లా మొదటి స్టేజీ కళ్ళు మూసుకుని ఆడేంత వచ్చింది, ఐదో స్టేజీలో మంచు ఉంటుందని మాత్రం పెళ్ళయ్యాక తెలిసింది. 38వ పేజీ దగ్గర ఆగినవాళ్ళంతా నాకు ఆ ఎండాకాలం లాగానే కనిపిస్తారు. లినెన్ గుడ్డ, కోటు నోటికొచ్చు, పుస్తకం లోపల మన ఊరే ఉందని తెలియదు.

ఉత్తమాట కాదు. మా గుంపులో ఒకాయన ఉన్నారు, ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. చిన్నప్పుడు అమ్మానాన్న గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని మట్టిపనికి వేరే రాష్ట్రాలు పోతే ఈయన నాయనమ్మ దగ్గర పెరిగారు. పాలమూరు లేబర్ అంటే ఏంటో ఇక్కడివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, దేశంలో ఎన్ని డ్యాముల మట్టి మోశారో. ఆయనా మొదటి అధ్యాయంలోనే రెండుసార్లు ఆగిపోయారు. ఒక ఆదివారం 25వ అధ్యాయం తీసి (ఇంగ్లీషు అనువాదం లెక్కలో), ఇంగ్లండు పల్లెల్లో వ్యవసాయ కూలీల గుంపుల గురించి ఉన్న నాలుగు పేజీలు చదివించాను. పది మంది నుంచి నలభై యాభై మంది దాకా గుంపు, ఎక్కువ ఆడవాళ్ళు, పిల్లలు, ఆరేళ్ళ పిల్లలు కూడా. ముందు నడిచే మేస్త్రీ కూడా మామూలు కూలీయే. రైతుతో గుత్తకు మాట్లాడుకుంటాడు, తక్కువ రోజుల్లో ఎంత ఎక్కువ పని లాగితే అంత ఆదాయం. రైతుకు కావలసినప్పుడు చేతులు దొరుకుతాయి, పని అయిపోగానే పంపించేయొచ్చు. ప్రభుత్వ కమిషన్ నివేదికల్లోంచి మార్క్స్ తీసుకున్న వివరాలు ఇవి.

ఆయన చదవడం ఆపి పుస్తకం మీద చెయ్యి పెట్టి, "మేడమ్, మా మేస్త్రీని గీయన యాడ జూసిండు?" అన్నారు.

తర్వాత గంటసేపు మేం ముందుకు పోలేదు. తేడాలున్నాయి మరి, అక్కడ అడ్వాన్స్ అప్పుతో కట్టేయడం లేదు, మనవాళ్ళు ఏడాదంతా ఊరు విడిచి పోతారు. ఆ తేడాలు ఎందుకొచ్చాయో మాట్లాడుకోవడమే ఫిలాసఫీ చదవడం. మేస్త్రీ చెడ్డవాడా మంచివాడా అని మొదలైన మాట, మేస్త్రీ ఎవరైనా వాడు అట్లాగే ఎందుకు చేయాల్సి వస్తుంది అనే దగ్గరికి వచ్చింది. మనిషి గుణం వదిలేసి సంబంధాన్ని చూడటం. ఆయన మరుసటి నెల తనంతట తానే మొదటి అధ్యాయానికి వెనక్కి వెళ్ళారు, ఈసారి ఆగలేదు.

అవును, వెనక్కి వెళ్ళాలి. మొదటి అధ్యాయం అక్కర్లేదని నేను అనడంలేదు, ఆ ఫ్రెంచి ముందుమాటలోనే మార్క్స్ ఈ శాస్త్రానికి రాచబాట లేదని కూడా అన్నాడు. మారియోలో 1-2 (మొదటి ప్రపంచం, రెండో స్టేజీ) చివర పైకప్పు మీదుగా పోతే గొట్టాలు దొరుకుతాయి, నేరుగా నాలుగో ప్రపంచంలోకి దూకొచ్చు. దూకినవాడు మూడోది ఎప్పుడూ ఆడకూడదని ఎవరన్నారు? ముందు 'పని దినం' చదవండి. 1863లో లండన్‌లో ఇరవై ఏళ్ళ కుట్టుపని అమ్మాయి ఒకామె ఇరవై ఆరున్నర గంటలు ఏకధాటిగా కుట్టి చనిపోయిన సంగతి ఉంటుంది అక్కడ. ముప్పై మంది ఒక గదిలో. అది చదివాక అదనపు విలువ (ఇచ్చిన కూలికి మించి కూలీ పుట్టించే విలువ) అంటే ఏంటో నేను వివరించాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది. అసలు కాపిటల్ పేరు వింటేనే గుండె దడ అనేవాళ్ళు 1849లో పత్రికలో వచ్చిన 'వేతన శ్రమ - పెట్టుబడి' పట్టుకోండి. చిన్నది. కార్మికులకు ఇచ్చిన ఉపన్యాసాలే కాబట్టి పిల్లల్ని పడుకోబెట్టాక చదివినా ఎక్కుతుంది.

ఇక తీరిక. మాకు తీరిక లేదు, రాదు. నేను చేసేది ఒకటే. మెగా మ్యాన్ 2 ఆడినవాళ్ళకు గుర్తుంటుంది, గడుల్లో చుక్కల పాస్‌వర్డ్ ఇచ్చేది, అది నోటుబుక్కులో గీసుకుంటే రేపు అక్కడి నుంచే ఆట. నా దగ్గర రెండు వందల పేజీల బుక్కు ఒకటుంది. రాత్రి మూడు పేజీలు, కొన్నిసార్లు ఒకటిన్నర. మూసేముందు ఒకే వాక్యం రాస్తాను: ఇక్కడిదాకా ఏమన్నాడు, నాకు ఏది అనుమానం. కింద రేపటి ప్రశ్న. అంతే. వారం గ్యాప్ వచ్చినా, పిల్లకు జ్వరమొచ్చినా, ఆ వాక్యం చదివితే చాలు. బుక్‌మార్క్ పేజీ చెప్తుంది, ఆలోచన ఎక్కడ ఆగిందో చెప్పదు. కరెంటు బిల్లు చేసిన మోసం అదే.

మిగతావి గబగబా.

భౌతికవాదం అంటే తిండి, డబ్బు, సుఖాల యావ అనే అపోహ. ఈ మాటను ఇట్లా వాడేవాళ్ళను ఎంగెల్స్ అప్పుడే ఎగతాళి చేశాడు. ప్రపంచం మన ఆలోచనకు ముందే ఉంది, మనిషి బతుకుతెరువు చేసుకునే తీరు నుంచి ఆలోచనలు పుడతాయి, అదీ విషయం. డబ్బు మీద ప్రేమ ఉన్నవాళ్ళు అన్ని వాదాల్లోనూ ఉన్నారు.

అన్నిటికీ ఆర్థికమే కారణం అంటాడు మార్క్స్, కులం, మతం, చట్టం ఉత్త నీడలు అంటాడు. అనలేదు. 1890లో బ్లోఖ్ అనే యువకుడికి రాసిన ఉత్తరంలో ఎంగెల్స్, అంతిమంగా నిర్ణయించేది ఉత్పత్తి, పునరుత్పత్తి అన్నామే గానీ ఆర్థికం ఒక్కటే అనలేదు, కుర్రాళ్ళు దాని మీదే బరువు వేయడంలో మా తప్పు కూడా కొంత ఉంది అని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న ఆయన్ని వదిలేసి, కోచింగ్ నోట్సు పట్టుకుని తిరుగుతాం.

వాదం, ప్రతివాదం, సమన్వయం, ఈ మూడు ముక్కల లెక్కే గతితర్కమట (వైరుధ్యాల్లోంచి మార్పును చూసే ఆలోచనా పద్ధతి అది). ఈ నోట్సు ఎవరు రాస్తున్నారో తెలిస్తే ఒకసారి టీ తాగిద్దును. ఆ త్రికం ఫిఖ్టే అనే జర్మన్ తత్వవేత్త నుంచి వచ్చింది, దాన్ని సూత్రంలా తిప్పేవాళ్ళను మార్క్స్ 1847లోనే వెక్కిరించాడు.

ఇంకొకటి మాత్రం గబగబా దాటలేను. ఒక తల్లి ఫోన్ చేసి, "మేడమ్, మా పిలగాడు మార్క్స్ బుక్కులు తెచ్చిండు, ఏమన్న అయితదా, భయమైతుంది" అని ఏడ్చినంత పని చేసింది. ఈ జిల్లాల్లో ఆ భయం గాల్లోంచి రాలేదు, ఎన్నో ఇళ్ళు చూశాయి, అందుకే ఆమెను నేను నవ్వుతూ కొట్టిపారేయలేదు. కానీ నిజం ఇది: సివిల్స్ పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ సిలబస్‌లో మార్క్స్ ఉన్నాడు, నేను జీతం తీసుకుని క్లాసులో చెప్తున్నాను. పుస్తకం చదవడానికి పార్టీ కార్డు అక్కర్లేదు, దేవుణ్ణి వదలక్కర్లేదు. మా గుంపులో ఒకావిడ శనివారం ఉపవాసం, ఆదివారం ఫాయర్‌బాక్ (దేవుణ్ణి మనిషే తయారుచేశాడన్న జర్మన్ తత్వవేత్త). ఆ అమ్మతో, మీరూ రండి, వెనక కూర్చోండి అన్నాను. రెండు వారాలు వచ్చింది. మూడో వారం రాలేదు, ఎందుకు అంటే ఆమెకు బోర్ కొట్టిందట, కొడుకు చెప్పాడు.

ఇక, విప్లవ సాహిత్యం చదివేవాళ్ళు వీడియో గేములు ఆడతారా అని ఒకాయన. ఆడతారు. పని దినం తగ్గడమే స్వేచ్ఛకు మొదటి షరతు అని మూడో సంపుటంలో మార్క్స్ రాశాడు. తగ్గిన ఆ గంటలో మనిషి ఏం చేయాలో లిస్టు ఇవ్వలేదు. ఆయన ఇంట్లో ఏడుగురు పిల్లలు పుడితే నలుగురు చిన్నప్పుడే పోయారు. మిగిలినవాళ్ళలో చిన్నది ఎలియనార్‌కు నెలల తరబడి ఒక కథ చెప్పేవాడట, బొమ్మల కొట్టు పెట్టుకున్న మాంత్రికుడి కథ. అప్పులు తీర్చలేక బొమ్మలన్నీ దయ్యానికి అమ్ముకుంటాడు, అవి ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ కొట్టుకే వస్తాయి. టెట్రిస్ అనే వీడియో గేమ్ కథ నాకు ఎప్పుడూ దీని పక్కనే గుర్తొస్తుంది. 1984లో మాస్కోలో పజిత్నోవ్ అనే ప్రోగ్రామర్ చేశాడు, హక్కుల డబ్బు ఆయన దగ్గరికి వచ్చింది 1996లో. పరాయీకరణ (మనిషి చేసింది ఆ మనిషికే పరాయిదైపోవడం) మీద క్లాసు చెప్పేటప్పుడు ఇది చెప్తే వెనక బెంచీ కూడా లేస్తుంది.

వచ్చే ఆదివారం యంత్రాల అధ్యాయం. పిల్లలున్నవాళ్ళు తెచ్చుకోండి, పక్క గదిలో టీవీ, రెండు కంట్రోలర్లు పెడతాను. క్యాసెట్ మాత్రం ఊదనివ్వకండి. ఊదితే నడిచిందని అందరం నమ్మాం గానీ నడిచింది తీసి మళ్ళీ పెట్టినందుకు, ఊదిన తేమకు లోపలి పిన్నులు తుప్పు పట్టేవి.