పుర్రెలో పోసిన గింజలు

పిల్లలూ,

కొన్ని జాతులకు పుట్టుకతోనే తెలివి తక్కువని సైన్స్ తేల్చిందని మీ స్నేహితుడు అన్నాడట కదా. ఫోన్‌లో కాదన్నాను గానీ, ఎందుకు కాదో చెప్పలేదు. అది మనసులో ఉండిపోయింది.

1830ల్లో ఫిలడెల్ఫియాలో శామ్యూల్ మోర్టన్ అనే డాక్టరు వందల పుర్రెలు పోగుచేశాడు. ఒక్కో పుర్రెలో సన్నటి గింజలు నిండుగా పోసి, ఆ గింజలు ఎన్ని పట్టాయో కొలిచేవాడు. గింజలతో లెక్క ఒక్కోసారి ఒక్కోలా వస్తోందని తర్వాత సీసపు గుళ్లకు మారాడు. తెల్లవాళ్ల సగటు ఎక్కువ వచ్చింది. దాన్ని పట్టుకుని జాతులకు ఎక్కువ తక్కువలు కట్టాడు. బానిసత్వాన్ని సమర్థించేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

అదే రోజుల్లో జర్మనీలో ఫ్రీడ్రిక్ టీడమన్ అనే శరీరశాస్త్రవేత్త కూడా పుర్రెల్లో చిరుధాన్యం పోసి కొలిచాడు. ఆయన సగటు దగ్గర ఆగిపోలేదు. ప్రతి గుంపులోనూ చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి, ఒక గుంపు కొలతలు ఇంకో గుంపు కొలతల్లో కలిసిపోతున్నాయి కదా అన్నాడు. బానిసత్వం అన్యాయమన్నాడు. చేసిన పని ఒకటే, తేల్చిన మాట వేరు.

1981లో స్టీఫెన్ జే గూల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, మోర్టన్ తెలియకుండానే లెక్కల్ని తనకు నచ్చినవైపు తిప్పుకున్నాడని రాశాడు. 2011లో కొందరు ఆ పుర్రెల్లో దాదాపు సగాన్ని మళ్లీ కొలిచి, మోర్టన్ కొలతలు చాలావరకు సరైనవేనన్నారు. ఇది మీ దగ్గర దాచను. గూల్డ్ మనకు ఇష్టమైన మాట చెప్పాడని ఆయన్ని వెనకేసుకురాకూడదు. అయినా కొలత సరైనదైతే తీర్పు సరైనదైపోదు. పుర్రెలో ఎన్ని గుళ్లు పట్టాయో తెలిస్తే ఆ మనిషి ఎంత తెలివైనవాడో ఎలా తెలుస్తుంది?

తెలివి పరీక్షల సంగతీ అంతే. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో తరం తరానికీ ఆ మార్కులు పెరిగాయి. అంత తొందరగా జన్యువులు మారవు. మారినవి చదువు, తిండి, బతుకు.

అలాగని మనుషుల మధ్య తేడాలే లేవనకండి. డీఎన్‌ఏ చూసి మన పూర్వీకులు ఏ ప్రాంతంవాళ్లో చాలావరకు చెప్పొచ్చు. కానీ 1972లో రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త లెక్కవేస్తే, జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే కనిపించాయి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బును నల్లవాళ్ల జబ్బని చాలామంది అనుకుంటారు. దానికి కారణం మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల పెరిగిన జన్యువు. ఆఫ్రికాలోనే కాదు, మధ్యధరా తీరాల్లో, అరేబియాలో, మన దేశంలోనూ ఉంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది కిడ్నీ పరీక్ష. అమెరికాలో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం) చూసి కిడ్నీ ఎంత పనిచేస్తోందో లెక్కవేసేటప్పుడు, రోగి నల్లవాడైతే ఫలితాన్ని కాస్త పెంచేవాళ్లు. దాంతో కాగితం మీద కిడ్నీ బాగున్నట్టు కనిపించేది. కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో కొందరి పేరు ఆలస్యంగా చేరేది. ఆ పద్ధతి తీసేయాలని అక్కడి కిడ్నీ వైద్యుల సంఘం చెప్పింది 2021లో. మోర్టన్ పోయి అప్పటికి 170 ఏళ్లు.

సెలవులకు వచ్చేటప్పుడు మీ స్నేహితుణ్ని కూడా తీసుకురండి. వాణ్ని కోప్పడకండి, విన్నదే చెప్పాడు. ఆ మాట ఎక్కడ విన్నాడో, అక్కడ ఎవరిని కొలిచారో, ఏం కొలిచారో కలిసి కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
తాతయ్య