నెలలు నిండని బిడ్డకు ఎంత ఆక్సిజన్? ఎనభై ఏళ్లుగా తెగని లెక్క

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఊపిరి అందక అవస్థపడుతుంటే ఆక్సిజన్ పెట్టాలి. అందులో పేచీ లేదు. ఎంత అన్నదే గొడవ.

1942లో బోస్టన్ కంటి వైద్యుడు థియోడర్ టెర్రీ ఇలాంటి పిల్లల్లో ఒక కొత్త రకం అంధత్వాన్ని గుర్తించారు. అప్పట్లో ఇంక్యుబేటర్లలోకి ఆక్సిజన్ ధారాళంగా వదిలేవారు. 1951లో ఆస్ట్రేలియా వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ దాన్నే అనుమానించారు. 1953లో అమెరికా ఆసుపత్రులు కలిసి మొదలుపెట్టిన పరీక్ష ఆ అనుమానం నిజమని తేల్చింది. అప్పటికే దాదాపు 10,000 మంది పిల్లలు చూపు కోల్పోయారని అంచనా. వెంటనే 40 శాతం దాటొద్దన్న కట్టడి వచ్చింది. కళ్లు దక్కాయి, కానీ ఆక్సిజన్ చాలక పిల్లలు చనిపోయారు. 1973లో బ్రిటన్‌లో వేసిన ఒక లెక్క ప్రకారం, ఒక్కో చూపు కాపాడినందుకు పోయిన ప్రాణాలు 16.

ఇదంతా రోజుల తరబడి ఇచ్చే ఆక్సిజన్ సంగతి. విచిత్రమేమిటంటే, కాన్పు గదిలో మాత్రం 100 శాతమే ఆనవాయితీగా సాగింది. దాన్ని గట్టిగా ప్రశ్నించినవారు నార్వే వైద్యుడు ఓలా సాగ్‌స్టాడ్. ఊపిరాడక నలిగిన కణాలకు ఒక్కసారిగా ఆక్సిజన్ తగిలితే ఫ్రీ రాడికల్స్ (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు) పుట్టి హాని చేస్తాయని ఆయన వాదన. 600 మందికి పైగా శిశువులతో ఆయన బృందం చేసిన అధ్యయనం 1998లో వెలువడింది. అందులో మామూలు గాలి, అంటే 21 శాతం ఆక్సిజన్, నూరు శాతానికి తీసిపోలేదు. 2010లో అంతర్జాతీయ మార్గదర్శకాలు నెలలు నిండిన పిల్లలకు గాలితోనే మొదలుపెట్టమన్నాయి.

2015లో గర్భంలో 35 వారాలు నిండకుండా పుట్టిన పిల్లలకూ 21 నుంచి 30 శాతం చాలన్నారు. నన్నడిగితే ఇది తొందరపాటే. గాలి చాలన్న రుజువు ఎక్కువగా నెలలు నిండిన బిడ్డలది. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ రక్తంలోనే ఆక్సిజన్ 90 శాతానికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఊపిరితిత్తులు ఎదగని బిడ్డ అంతకన్నా వెనకబడుతుంది. పైగా ఆక్సిజన్ తగ్గితే ఊపిరి తీసే ప్రయత్నమే మందగిస్తుంది.

గాలిని 100 శాతం ఆక్సిజన్‌తో పోల్చి చూసిన టార్పిడో అధ్యయనం 2017లో వెలువడింది. అందులో 28 వారాల లోపు పుట్టిన పిల్లల్లో గాలితో మొదలుపెట్టినవారిలోనే మరణాలు ఎక్కువ కనిపించాయి. కానీ అది 287 మందితోనే ఆగిపోయింది. కారణం, 100 శాతం ఇవ్వడం సరైనదేనన్న నమ్మకం అప్పటికి వైద్యుల్లో సడలిపోవడం! 2024లో 12 అధ్యయనాల్లోని వెయ్యి మందికి పైగా పిల్లల వివరాలు కలిపి చూశారు. 90 శాతం, ఆపైన ఆక్సిజన్‌తో మొదలుపెట్టినచోట మరణాలు తక్కువగా కనిపించాయి.

2025 అంతర్జాతీయ సిఫారసు ప్రకారం, 32 వారాల లోపు బిడ్డకు కనీసం 30 శాతంతో మొదలుపెట్టి, పల్స్ ఆక్సీమీటర్ చూస్తూ పెంచాలి లేదా తగ్గించాలి.