అండం ఎప్పుడు విడుదలవుతుందో ఒంటిని చూసి తెలుసుకోవచ్చా?

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లకు అందరూ చెప్పే లెక్క పద్నాలుగో రోజు. పీరియడ్ మొదలైన రోజు నుంచి 14 లెక్కపెట్టి ఆశలన్నీ ఆ ఒక్క రోజు మీదే పెట్టుకుంటారు. నిజానికి ఆ 14 వెనక నుంచి లెక్కపెట్టాల్సిన అంకె. అండం విడుదలయ్యాక తర్వాతి పీరియడ్ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, ఇది పెద్దగా మారదు. మారేదల్లా అంతకు ముందు అండం ఎదగడానికి పట్టే కాలమే. అందుకే 35 రోజులకోసారి నెలసరి వచ్చే ఆమెకు అండం విడుదలయ్యేది దాదాపు 21వ రోజున. ఈ సంగతి 1920లలో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అనే డాక్టర్లు ఎవరికి వారే కనిపెట్టారు. కానీ వెనక నుంచి లెక్కపెట్టాలంటే వచ్చే పీరియడ్ తేదీ ముందే తెలియాలి కదా! పాత తేదీలను బట్టి అంచనా వేసే ఫోన్ యాప్‌లకూ ఇదే చిక్కు.

అండం విడుదలయ్యాక బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం అనుకూలమైన స్రావం ఉంటే ఐదు రోజుల దాకా నిలుస్తాయి. అమెరికాలో విల్‌కాక్స్ అనే పరిశోధకుడి బృందం గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీలను పరిశీలించి, 1995లో ఫలితాలు ప్రచురించింది. అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆ ఆరు రోజుల్లో కలిసినప్పుడే గర్భం వచ్చినట్టు తేలింది. అదే సమాచారాన్ని 2000లో మళ్లీ విశ్లేషిస్తే, ఈ ఆరు రోజులూ పూర్తిగా 10 నుంచి 17వ రోజు లోపు పడినవాళ్లు 30 శాతం మందే. అంటే తేదీల లెక్క చాలామందికి సరిపోదు, అండం విడుదలయ్యాక తెలిసినా ఆలస్యమైనట్టే. ముందే చెప్పే గుర్తు కావాలి.

నా దృష్టిలో అలాంటి గుర్తుల్లో అన్నిటికన్నా విలువైనది, పైసా ఖర్చు లేనిది, గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే స్రావం. దీని గురించి మాట్లాడటానికి మొహమాటపడతారు గానీ, రోజూ బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు టిష్యూతో తుడుచుకుని చూస్తే చాలు. పీరియడ్ అయ్యాక కొన్నాళ్లు పొడిగా ఉంటుంది. తర్వాత తెల్లగా, చిక్కగా, అంటుకునేలా వస్తుంది. ఈస్ట్రోజెన్ హార్మోన్ పెరిగేకొద్దీ అదే పలచబడి, అద్దంలా మెరుస్తూ, జారుడుగా మారుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా విడదీస్తే తెగకుండా రెండు మూడు అంగుళాలు సాగుతుంది, అచ్చం పచ్చి గుడ్డు తెల్లసొనలా. మామూలు రోజుల్లో వీర్యకణాలను అడ్డుకునే ఆ జిగురే ఇప్పుడు వాటికి దారి ఇస్తుంది. ఈ జారుడు కనిపించే ఆఖరి రోజుకు దగ్గరలోనే అండం విడుదలవుతుంది. అయితే అదే ఆఖరి రోజని తెలిసేది మర్నాడు పొడిబారాకే, కాబట్టి దానికోసం ఎదురుచూడక్కర్లేదు. జారుడు మొదలైన రోజు నుంచి రోజూ గానీ, రోజు విడిచి రోజు గానీ కలవడం మంచిది. కలిసిన కొన్ని గంటల వరకు వీర్యాన్నే స్రావమని పొరబడే వీలుంది. దురద, దుర్వాసన, పసుపు లేదా ఆకుపచ్చ రంగు ఉంటే మాత్రం అది ఇన్ఫెక్షన్ కావచ్చు, డాక్టర్‌కు చూపించుకోవాలి.

ఇక టెంపరేచర్. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ వల్ల ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరుగుతుంది. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే, రోజూ ఒకే సమయానికి చూసుకోవాలి. వరుసగా మూడు రోజులు ఎక్కువగా ఉంటే అండం విడుదలైపోయిందని అర్థం. చాలామంది ఇక్కడే పొరబడి, వేడి పెరిగిన రోజు నుంచి ప్రయత్నం మొదలుపెడతారు, అప్పటికే సమయం దాటిపోతుంది. రెండు మూడు నెలల చార్ట్ ఉంటే అసలు అండం విడుదలవుతోందో లేదో తెలుస్తుంది, దాని ఉపయోగం అంతవరకే. జ్వరం, నిద్రలేమి, నైట్ షిఫ్ట్ ఉంటే ఆ అంకెల్ని నమ్మలేం.

మెడికల్ షాపుల్లో దొరికే ఓవ్యులేషన్ కిట్ అండం విడుదలకు ముందు ఒక్కసారిగా పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్‌ను మూత్రంలో పట్టుకుంటుంది. టెస్ట్ లైన్, పోల్చి చూసుకోవడానికి పక్కనే ఉండే కంట్రోల్ లైన్ అంత ముదురుగా గానీ, ఇంకా ముదురుగా గానీ వస్తే, సాధారణంగా ఒకటి ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. లేత గీతను పాజిటివ్ అనుకోకూడదు. పరీక్షకు ముందు నీళ్లు మరీ ఎక్కువ తాగితే మూత్రం పలచబడి గీత సరిగా రాదు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లలో ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువగా ఉండొచ్చు, అందుకని అండం విడుదల కాకపోయినా కిట్ పాజిటివ్ చూపించవచ్చు. పొత్తికడుపులో ఒక పక్క సన్నగా నొప్పి, రొమ్ముల్లో సలుపు కొందరికే ఉంటాయి. అవి లేవని టెన్షన్ పడక్కర్లేదు.

వయసు 35 లోపైతే ఏడాది, 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే డాక్టర్‌ను కలవాలి. నెలసరి క్రమం తప్పుతున్నవాళ్లు, నెలల తరబడి రానివాళ్లు అంతకాలం ఆగనవసరం లేదు. వెళ్లేటప్పుడు పీరియడ్ తేదీలు, స్రావం ఎప్పుడెలా ఉందో రాసుకున్న కాగితం తీసుకెళ్తే డాక్టర్‌కు పని సులువవుతుంది. భర్తకు వీర్య పరీక్ష కూడా అప్పుడే చేయించాలి. భార్యకు పరీక్షలన్నీ అయ్యాక చూద్దాంలే అని వాయిదా వేస్తే, లోపం అతనిలో ఉన్నప్పుడు ఆ నెలలన్నీ వృథా అయినట్టే.