పత్తికట్టె బొగ్గు నైట్రేట్‌ను పట్టుకోగలదా?

వరంగల్ చుట్టుపక్కల పత్తి ఏరడం పూర్తయ్యాక చేనులో మిగిలిన కట్టెను చాలామంది రైతులు కుప్పవేసి తగలబెడతారు. అదే కట్టెను గాలి ఆడకుండా మూతపెట్టిన డ్రమ్ములో కాలిస్తే బూడిదకు బదులు బొగ్గు మిగులుతుంది. నేలకో నీటికో ఉపయోగపడేలా ఇలా చేసిన బొగ్గునే బయోచార్ అంటున్నారు. దానితో బావినీటిలోని నైట్రేట్‌ను తీసేయవచ్చన్న మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది కాబట్టి, అందులో నిజమెంతో చూడాలి.

ముందుగా నైట్రేట్ సంగతి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే దాదాపు 21 కిలోలు నత్రజని. అందులో పదో వంతు మాత్రమే పైరుకు అందక నైట్రేట్‌గా మారి భూగర్భజలంలో కలిసినా, రెండు లక్షల లీటర్ల శుభ్రమైన నీటిని తాగునీటి పరిమితి అంచుకు చేర్చడానికి సరిపోతుంది. మన దేశంలో ఆ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. పెంటకుప్పలు, సెప్టిక్ ట్యాంకుల నుంచి దిగేది దీనికి అదనం. ఈ నీటికి రంగు మారదు, వాసన రాదు. కొబ్బరినీళ్లలా తేటగా కనిపించే నీటిలో పరీక్ష పట్టీని ముంచితే అది ముదురు గులాబీరంగుకు తిరిగినప్పుడే విషయం బయటపడుతుంది. కాచినా లాభం లేదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ నైట్రేట్ చిక్కబడుతుంది. ఆ నీటితో పాలు కలిపి పడితే నెలల పసికందుల రక్తానికి ఆమ్లజనిని మోసే శక్తి తగ్గి, పెదవులు నీలిబారే ప్రమాదం ఉంది.

ఇక బొగ్గు. దాని నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి కాబట్టి ఏదైనా పీల్చేస్తుందని అనుకుంటాం. కానీ మామూలు నీటిలో బయోచార్ ఉపరితలానికి ఎక్కువగా ఋణావేశం ఉంటుంది, నైట్రేట్‌దీ ఋణావేశమే. అందుకే ధనావేశమున్న అమ్మోనియంను బాగా పట్టుకునే బొగ్గు నైట్రేట్‌ను మాత్రం చాలావరకు వదిలేస్తుంది. 600 డిగ్రీలు దాటి కాల్చిన బొగ్గు, గోటితో మీటితే ఖంగుమనేది, కొంత మెరుగు. అయినా అది చాలదు.

దీనికి పరిశోధకులు కనిపెట్టిన ఉపాయం నాకు ఎంతో నచ్చింది. కట్టెను కాల్చకముందే మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో నానబెడతారు. ఉప్పుమడుల్లో ఉప్పు తీశాక మిగిలే చేదునీటిలో ఉండేది ఈ లవణమే. కాలేటప్పుడు అది మెగ్నీషియం ఆక్సైడ్ రేణువులుగా మారి రంధ్రాల గోడలకు అంటుకుని అక్కడ ధనావేశాన్ని ఏర్పరుస్తుంది, దాంతో నైట్రేట్ వచ్చి అంటుకుంటుంది. ఇనుప లవణాలతోనూ ఇలా చేస్తారు.

అయితే ప్రయోగశాలలోని శుద్ధజలం వేరు, మన బోరునీళ్లు వేరు. వీటిలోని బైకార్బొనేట్, సల్ఫేట్, క్లోరైడ్‌లు కూడా అదే చోటుకు పోటీపడతాయి. గ్రాము బొగ్గు 10 మిల్లీగ్రాముల నైట్రేట్‌ను పట్టిందనుకుందాం. లీటరుకు 100 మిల్లీగ్రాములున్న 20 లీటర్ల క్యాను నీటిని పరిమితిలోకి తేవాలంటే 110 గ్రాముల బొగ్గు కావాలి, నిండిన బొగ్గును మళ్లీ మళ్లీ మార్చాలి. ఇంట్లో తాగునీటికి దీన్ని నమ్ముకోమని నేను చెప్పలేను. ఆ పని ఆర్‌ఓ యంత్రం చేస్తుంది, లేదా నైట్రేట్ లేని నీటిని తెచ్చుకోవాలి.

బొగ్గుకు తగిన చోటు చేను చివర, మురుగుకాలువ దగ్గర. అక్కడ గుంతలో చెక్కపేళ్లు, బొగ్గు కలిపి నింపి నీటిని మెల్లగా పోనిస్తే, ఆమ్లజని అందని లోపలి పొరల్లో కొన్ని బాక్టీరియాలు దానికి బదులు నైట్రేట్‌ను వాడుకుని దాన్ని గాలిలో ఉండే మామూలు నత్రజనిగా మారుస్తాయి. చెక్క వాటికి తిండి, బొగ్గు రంధ్రాలు వాటికి ఇల్లు. పని సగంలో ఆగితే మాత్రం భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది కనుక నీటి వేగాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి.

నైట్రేట్ పట్టిన బొగ్గును తిరిగి చేనులో చల్లవచ్చు, ఎరువుగా మాత్రం ఎక్కువ ఆశించకూడదు. పై లెక్క ప్రకారమే 100 కిలోల బొగ్గులో చేరే నత్రజని అర కిలో యూరియాకు సమానం. చెల్క నేలలో నాలుగు రోజులు ఎక్కువ తేమ నిలిపితే దాని విలువ అక్కడ ఉంటుంది.