దెయ్యాలు కనిపించే టీనేజర్ల నవలలు: అపోహలు – వాస్తవాలు

కౌమార పాఠకుల కోసం వచ్చే ఇంగ్లీషు నవలల రాతప్రతులను పరిష్కరించడం నా వృత్తి. ఆత్మలు కనిపించే అమ్మాయో అబ్బాయో ప్రధాన పాత్రగా ఉన్న కథలు వాటిలో తరచుగా ఉంటాయి. వాటి గురించి రచయితల్లోనూ తల్లిదండ్రుల్లోనూ పాతుకుపోయిన కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: దెయ్యం ఉంటే అది హారర్ నవలే.

వాస్తవం: హారర్‌లో దెయ్యం భయానికి మూలం. ప్రచురణకర్తలు పారానార్మల్ అని వేరుగా పిలిచే ఈ కోవలో మాత్రం దెయ్యం ఒక పాత్ర. దానికి ఒక పేరు, తీరని పని, చెప్పుకోవలసిన మాట ఉంటాయి. భయం మొదటి కొన్ని అధ్యాయాలను నడిపించగలదు గానీ ఆ తరువాత దెయ్యమూ దాన్ని చూసే పిల్లా మాట్లాడుకోక తప్పదు.

అపోహ: చదివేది పిల్లలు కాబట్టి మరణాన్ని దాచాలి.

వాస్తవం: ఇంకా చిన్న వయసు వారి కోసం నీల్ గైమన్ రాసిన ‘ది గ్రేవ్‌యార్డ్ బుక్’ (2008) ఒక కుటుంబం హత్యతోనే మొదలవుతుంది. బాలసాహిత్యానికి అమెరికాలో ఇచ్చే న్యూబెరీ, బ్రిటన్‌లో ఇచ్చే కార్నెగీ పతకాలు రెండూ దానికి వచ్చాయి.

అపోహ: దెయ్యాలకు తర్కం ఉండదు కాబట్టి అవి ఏమైనా చేయవచ్చు.

వాస్తవం: ఎక్కువ రాతప్రతులు దెబ్బతినేది ఇక్కడే. గోడలోంచి దూసుకుపోయే ఆత్మ అదే గదిలో కుర్చీ మీద ఎలా కూర్చుంది, ఊరంతటిలో ఈ ఒక్క పిల్లకే ఎందుకు కనిపిస్తోంది అన్న ప్రశ్నలకు రచయిత దగ్గర సమాధానం లేకపోతే, చివరి అధ్యాయంలో ఎంతటి ఆపద వచ్చినా పాఠకుడు చలించడు. జొనాథన్ స్ట్రౌడ్ ‘లాక్‌వుడ్ అండ్ కో’ వరుసలో దెయ్యాలను పసిగట్టే శక్తి పిల్లలకే ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ అది సన్నగిల్లుతుంది. పెద్దలు ప్రమాదకరమైన పనిని పిల్లల చేత చేయించే లోకమంతా ఆ ఒక్క నియమం నుంచే పుట్టింది. చందమామలో బేతాళ కథలు చదివిన మనకు ఇది కొత్తేమీ కాదు: సమాధానం తెలిసీ చెప్పకపోతే రాజు తల వేయి వక్కలవుతుంది, చెబితే మౌనభంగమై బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు.

అపోహ: మానసిక వ్యాధి అన్న అనుమానాన్ని మలుపు కోసం ఎలాగైనా వాడుకోవచ్చు.

వాస్తవం: కెల్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘ది సమ్మనింగ్’ (2008)లో పదిహేనేళ్ల క్లోయీకి బడిలో దెయ్యం కనిపిస్తుంది, పెద్దలు దానిని స్కిజోఫ్రీనియాగా భావించి ఆమెను ఒక గ్రూప్ హోమ్‌కు, అంటే మానసిక సమస్యలున్న టీనేజర్లను కలిపి ఉంచే ఇంటికి, పంపుతారు. మలుపు బలమైనదే. అయితే దానిని అనుకరించే రచయితలు చాలామంది వైద్య విషయాలను సరిచూసుకోరు. స్కిజోఫ్రీనియాలో రూపాలు కనిపించడం కంటే గొంతులు వినిపించడమే ఎక్కువ. నిద్రకూ మెలకువకూ మధ్య ఒళ్లు కదలని స్థితిలో గదిలో ఎవరో నిలబడినట్టు అనిపించడం గానీ, ఆప్తులు పోయిన తరువాత వారి గొంతు వినిపించినట్టుండడం గానీ అంతమాత్రాన పిచ్చి కాదు. కాబట్టి నమ్మని తల్లిని మూర్ఖురాలిగా చిత్రించిన రాతప్రతి వస్తే, ఆ సన్నివేశాన్ని ఒకసారి ఆమె వైపు నుంచి రాసి చూడమని రచయితను అడుగుతాను. రాత్రుళ్లు ఖాళీ గదితో మాట్లాడే కూతురిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లడానికి ఆమెకు సరైన కారణమే ఉంటుంది.